క్రెడిట్ దేనికి? హాజరుకా, పనికా?

అమెరికాలో బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే టీచర్లంతా హాయిగా ఇంట్లో కూర్చుంటారని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి వారిలో ఎందరో ఆ సెలవుల్లోనే మళ్ళీ విద్యార్థులవుతారు. సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే ఇన్నేళ్ళలో ఇన్ని గంటలు శిక్షణ పొందాలని రాష్ట్రాలు నియమం పెట్టాయి. మన టెక్సాస్‌లో స్టాండర్డ్ సర్టిఫికెట్ ఉన్న టీచరు ప్రతి 5 ఏళ్ళకు 150 గంటలు పూర్తి చేయాలి. పెన్సిల్వేనియాలో అదే 5 ఏళ్ళకు 180 గంటలు, లేదా 6 కాలేజీ క్రెడిట్లు. ఈ గంటలు కూడబెట్టుకునే దారుల్లో ఒకటి, చదువులో కంప్యూటర్లనూ కొత్త సాధనాలనూ ఎలా వాడుకోవాలో చర్చించే పెద్ద సదస్సులకు వెళ్ళిరావడం. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇంకో అడుగు ముందుకు వేసి, అలా వెళ్ళినవారికి కోర్సు క్రెడిట్ కూడా ఇస్తున్నాయి.

ఈ సంగతులన్నీ తెలుగు బడి సావనీరులో ఎందుకంటారా? రెండు కారణాలున్నాయి. మా బడిలో పాఠాలు చెప్పే కొందరు అమ్మలు వారమంతా పబ్లిక్ స్కూళ్ళలో లెక్కలూ సైన్సూ చెప్పి, ఆదివారం వచ్చి మన పిల్లలకు గుణింతాలు దిద్దిస్తున్నారు. వారికి ఈ గంటలూ క్రెడిట్లూ అవసరం. ఇక రెండోది, బడి నిధి నుంచి ఏటా ఇద్దరు టీచర్లను ఇటువంటి సదస్సుకు పంపాలా వద్దా అని మా కార్యవర్గంలో చర్చ నడుస్తోంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరంతా చెయ్యెత్తి తేల్చవలసిన విషయం ఇది. అందుకే బడిలో పాఠాలు చెప్పేవాళ్ళుగా మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. పంపాలి. అయితే వెళ్ళినందుకు కాకుండా, తిరిగి వచ్చాక చేసిన పనికే లెక్క కట్టాలి.

తిరనాళ్ళ లాంటి సదస్సు

ఈ సదస్సుల్లో పేరున్నది ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ టెక్నాలజీ ఇన్ ఎడ్యుకేషన్ వారిది. పొట్టిగా ఇస్టీ అంటారు. 1979లో నేషనల్ ఎడ్యుకేషనల్ కంప్యూటింగ్ కాన్ఫరెన్స్ అనే పేరుతో మొదలైంది. ఆపిల్ టూ కంప్యూటరు బజారులోకి వచ్చి అప్పటికి రెండేళ్ళే. 2010 నుంచి ఇస్టీ పేరుతోనే జరుగుతోంది. 2020లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లోనే జరిపారు. 2023లో ఆ సంస్థ ఏఎస్‌సీడీ అనే మరో విద్యా సంస్థతో కలిసింది. 2025లో జూన్ 29 నుంచి జులై 2 వరకు శాన్ ఆంటోనియోలో జరిగింది. ఆస్టిన్ నుంచి కారులో గంటన్నర, డాలస్ నుంచి నాలుగైదు గంటలు. ఇది కాక మన టెక్సాస్‌కే ప్రత్యేకంగా 1980లో పుట్టిన టీసీఈఏ అనే సంఘం ఉంది. వారి సదస్సు ఏటా జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో జరుగుతుంది.

ఇక్కడ ఉపన్యాసాలుంటాయి. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చేయించే వర్క్‌షాపులుంటాయి. టీచర్లూ, కొన్నిచోట్ల వాళ్ళ విద్యార్థులూ తాము చేసినదాన్ని బల్ల మీద పెట్టుకుని వచ్చినవారికి వివరించే పోస్టర్ సెషన్లుంటాయి. పక్కనే పెద్ద హాల్లో కంపెనీల దుకాణాలు. తెలివైన బోర్డులు, పిల్లల చేత చదివించే యాప్‌లు, ఈ మధ్య ఎక్కడ చూసినా కృత్రిమ మేధ. ఉచితంగా ఇచ్చే పెన్నులూ సంచులూ సరేసరి. అచ్చం మన తిరనాళ్ళే. తిరనాళ్ళకు వెళ్ళినవారంతా గుళ్ళోకి వెళ్ళి దేవుణ్ణి చూసి వచ్చినట్టు కాదు కదా. రంగులరాట్నం ఎక్కి, జీళ్ళు కొనుక్కుని తిరిగి వచ్చేవారే ఎక్కువ. అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది.

క్రెడిట్ ఇచ్చే పద్ధతి సుమారుగా ఇలా ఉంటుంది. సదస్సు రుసుము వేరు, విశ్వవిద్యాలయానికి కట్టే క్రెడిట్ రుసుము వేరు. రెండు చోట్లా పేరు నమోదు చేసుకోవాలి. ఏ రోజు ఏ సెషన్‌లో కూర్చున్నారో గంటల పట్టీ రాసుకోవాలి. ఇంటికి వచ్చాక నేర్చుకున్నదాని మీద ఒక వ్యాసమో, తరగతిలో వాడదగిన ఒక పాఠ్య ప్రణాళికో రాసి గడువులోగా పంపాలి. అది చూసి మార్కు వేస్తారు, లేదా పాస్ అంటారు.

ఒక క్రెడిట్ అంటే ఎంత?

ఈ క్రెడిట్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలు కూడా తెలుసుకోవడం మంచిది. 1905లో ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పెన్షన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు చూసుకోవడానికి ఏర్పడిన కార్నెగీ ఫౌండేషన్, పెన్షను కావాలంటే మీ కాలేజీలో చేరే పిల్లలు హైస్కూల్లో ఇన్ని యూనిట్లు చదివి ఉండాలని షరతు పెట్టింది. ఒక యూనిట్ అంటే ఏడాదిలో ఒక సబ్జెక్టులో సుమారు 120 గంటల తరగతి. పంతుళ్ళ పెన్షను లెక్క కోసం వచ్చిన కొలత దేశమంతటా పిల్లల చదువుకు కొలతై కూర్చుంది. అది కొలిచేది తరగతిలో కూర్చున్న కాలాన్ని. ఎంత వచ్చిందన్నది దానికి తెలియదు.

కాలేజీ క్రెడిట్ లెక్క ఇంకో రకం. ఫెడరల్ ప్రభుత్వం 2010లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒక సెమిస్టర్ క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. అంటే మొత్తం 45 గంటలు. కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్ అని మరొకటుంది. 1970లో వచ్చింది. 10 గంటల శిక్షణకు ఒక యూనిట్. ఈ రెండూ ఒకటి కావు. ఒకదాని చోట ఇంకొకటి చెల్లదు. పేర్లు ఒకేలా వినిపించడం వల్ల కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ళు తికమక పడుతుంటారు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. సదస్సు మూడున్నర రోజులు. రోజుకు 6 గంటల చొప్పున మానకుండా కూర్చున్నా 21 గంటలు. ఒక క్రెడిట్‌కు 45 గంటల పని కావాలి. అంటే మిగిలిన 24 గంటలు సదస్సు బయటే జరగాలి. సగం కంటే ఎక్కువ! సదస్సుకు హాజరై క్రెడిట్ తెచ్చుకోవడం అనే మాటలోనే పొరపాటుంది. నిజాయితీగా ఇస్తే ఆ క్రెడిట్‌లో పెద్ద వాటా ఇంటికి వచ్చాక చేసిన పనిది. నిజాయితీగా ఇవ్వకపోతే అది హాజరుపట్టీలో సంతకానికి కట్టిన ధర.

కాదనేవారి మాట

మా కార్యవర్గంలో కొందరు పెద్దలు ఈ ఆలోచన వద్దన్నారు. వారి మాటలో బలం లేకపోలేదు. మొదటిది, ఈ దేశంలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో టీచర్ల జీతానికి క్రెడిట్లతో ముడి ఉంది. అందుకని చౌకగా, తొందరగా వచ్చే క్రెడిట్లకు గిరాకీ ఉంటుంది. గిరాకీ ఉన్నచోట నాసిరకం సరుకు రాక మానదు. రెండోది డబ్బు. సదస్సు రుసుము, హోటలు, పెట్రోలు కలిపితే మన బడికి చిన్న ఖర్చు కాదు. ఆ డబ్బుతో గ్రంథాలయానికి పిల్లల కథల పుస్తకాలు తెప్పించవచ్చు. మూడోది అన్నిటికంటే గట్టిది. అక్కడ చెప్పేదంతా ఇంగ్లీషు, స్పానిష్ పాఠాల గురించే. తెలుగు గురించి ఎవరు చెబుతారు? పలకా బలపం పట్టుకుని మనం నేర్చుకోలేదా?

మొదటి మాటకు మా జవాబు ఇది. నాసిరకం సరుకు ఉందని బజారుకే వెళ్ళకుండా ఉండం, చూసి కొంటాం. ఆ చూసే పద్ధతి ఏమిటో కింద రాశాం. రెండోదానికి, పుస్తకాలూ కావాలి, వాటిని పిల్లల చేత చదివించడం తెలిసిన టీచరూ కావాలి. అలమారలో పుస్తకాలు నింపినంత మాత్రాన పిల్లలకు చదవడం రాదు. మూడోదానికి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

తెలుగుకు యంత్రం చేసినదీ చేయలేనిదీ

పలకా బలపంతో మనం నేర్చుకున్న మాట నిజమే. కానీ ఇంటి బయట అడుగు పెడితే చుట్టూ తెలుగే ఉండేది. బస్సు మీద బోర్డు తెలుగు, సినిమా వాల్‌పోస్టరు తెలుగు, పక్కింటి పిన్నిగారి తగవు తెలుగు. మన పిల్లలకు వారానికి రెండు గంటలే ఉన్నాయి. సెలవులు పోగా ఏడాదికి 30 ఆదివారాలు అనుకున్నా 60 గంటలు. కార్నెగీ వారి యూనిట్‌లో సగం! అంత కొద్ది కాలంలో పని జరగాలంటే మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో ఏదో ఒక రూపంలో తెలుగు వినబడాలి, కనబడాలి. ఆ పనిలో యంత్రం సాయపడగలదు.

మనవాళ్ళు ఈ విషయంలో వెనకబడి లేరు. 1990లలోనే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారు చేశారు. అందులోని మొదటి అక్షరం ఆ రైస్ పేరుదే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 1852లో అచ్చయిన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు చికాగో విశ్వవిద్యాలయం వారి పుణ్యమా అని ఇంట్లో కూర్చుని ఉచితంగా చూసుకోవచ్చు. ఇప్పుడు ఫోనుకు తెలుగులో మాట చెబితే అదే రాసిపెడుతోంది.

అయితే ప్రతి సౌకర్యం వెనుకా ఒక చిక్కుంది. పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెర మీద 'అమ్మ' అని పడుతుంది. వాడికి తెలుగు రాయడం వచ్చిందని మనం మురిసిపోతాం. కానీ మకు మ ఒత్తు ఎలా ఉంటుందో వాడి చేతికి తెలియదు. కాగితం ఇచ్చి రాయమంటే ఆగిపోతాడు. వాడు రాసింది ఇంగ్లీషు, తెలుగు చేసింది యంత్రం. అలాగే కొన్ని యాప్‌లలో తెలుగు వేస్తే 'స్త్రీ' అనే మాట ముక్కలై, పొల్లులు విడివిడిగా నిలబడతాయి. అసలే ఒత్తులంటే భయపడే పిల్లలకు అది చూపిస్తే ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. ల, ళ తేడా, న, ణ తేడా చెవికి పట్టించాలంటే మంచి ఉచ్చారణ వినిపించాలి. యంత్రం గొంతు కంటే అందుకు ఇండియాలో ఉన్న అమ్మమ్మ గొంతు మేలు. ఆమె చెప్పిన కథను ఫోనులో రికార్డు చేసి, ఆగి ఆగి వినిపించి, విన్నది రాయమనడం ఒక మంచి పాఠం. దానికి డాలరు ఖర్చు లేదు.

ఏ సాధనాన్ని ఏ వయసుకు వాడాలి, ఎక్కడ ఆపాలి, పిల్లవాడికి నిజంగా వచ్చిందా లేదా అని ఎలా చూడాలి. ఇవన్నీ భాషతో పని లేకుండా ఏ టీచరైనా నేర్చుకోవలసిన విద్యలు. మా బడిలో పాఠాలు చెప్పేవారిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, గృహిణులున్నారు, ఆరు నెలల వీసా మీద వచ్చిన తాతగార్లున్నారు. తెలుగు అందరికీ వచ్చు. తెలుగు నేర్పడం ఎవరూ మాకు నేర్పలేదు. సదస్సులో స్పానిష్ టీచరు చూపించిన పద్ధతిని తెలుగుకు మలచుకోవడం మా పని. ఆ మలచుకోవడమే అసలు చదువు. దానికే క్రెడిట్ దక్కాలి.

పిల్లలూ, ఇది మీకు కూడా

ఎనిమిదో తరగతికి రాగానే మీలో చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. "తెలుగు నేర్చుకుంటే క్రెడిట్ వస్తుందా?" కొందరు పెద్దలు ఈ ప్రశ్నకు కోప్పడతారు. మేము కోప్పడం. టెక్సాస్ హైస్కూల్లో ఒకే పరభాషలో రెండు క్రెడిట్లు కావాలి. మీరు ఇంట్లో మాట్లాడే భాష అందుకు పనికొస్తుందా అని అడగడంలో తప్పేముంది? పరీక్ష రాసి క్రెడిట్ పొందే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. తెలుగులో రాయగలరా, మాట్లాడగలరా అని చూసే పరీక్షలు ఇప్పుడు వచ్చాయి. మీ డిస్ట్రిక్టు తెలుగుకు వాటిని ఒప్పుకుంటుందో లేదో మీ స్కూల్ కౌన్సిలర్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రెండు భాషలు వచ్చినవారికి డిప్లొమా మీద సీల్ ఆఫ్ బైలిటరసీ అనే ముద్ర వేసే చట్టం మొదట 2011లో కాలిఫోర్నియాలో వచ్చింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

ఈ పరీక్షల్లో ఒక న్యాయం ఉంది. మీరు మా బడికి ఎన్ని ఆదివారాలు వచ్చారని అవి అడగవు. ఒక విషయం ఇస్తాయి, దాని గురించి రాయమంటాయి, మాట్లాడమంటాయి. అయిదేళ్ళు వెనక బెంచీలో కూర్చుని ఫోను చూసుకున్నవారికీ, రెండేళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నవారికీ తేడా అక్కడ తెలిసిపోతుంది. మీకు ఈ కొలబద్ద పెట్టి, మాకు మాత్రం హాజరుపట్టీ చాలు అనుకుంటే మీరే నవ్వుతారు. అందుకే టీచర్లకూ ఇదే కొలబద్ద ఉండాలని అంటున్నాం.

మా ప్రతిపాదన

సర్వసభ్య సమావేశం ముందు మేము పెట్టదలచిన పద్ధతి ఇది.

మొదటిది: వెళ్ళే టీచరు బయల్దేరే ముందే ఒక ప్రశ్న రాసి ఇవ్వాలి. 'టెక్నాలజీ గురించి తెలుసుకుంటాను' అంటే చాలదు. 'రెండో తరగతి పిల్లలు ఒత్తులు చూసి గట్టిగా చదవడానికి జంకుతున్నారు, దీనికి ఏం చేయవచ్చు?' అన్నట్టు ఉండాలి. ప్రశ్న చేతిలో ఉన్నవారు తిరనాళ్ళలో దారి తప్పరు.

రెండోది: కోర్సు క్రెడిట్ తీసుకోదలచినవారు డబ్బు కట్టక ముందే మూడు విషయాలు కనుక్కోవాలి. అది సెమిస్టర్ క్రెడిట్టా, క్వార్టర్ క్రెడిట్టా? క్వార్టర్ క్రెడిట్ మూడు ఉంటే సెమిస్టర్ లెక్కలో రెండే. అది డిగ్రీకి పనికొస్తుందా, లేక వృత్తి శిక్షణ కింద మాత్రమేనా? తాము పనిచేసే డిస్ట్రిక్టు దాన్ని ఒప్పుకుంటుందా? క్రెడిట్ రుసుము వారిదే. బడి నిధి ఇచ్చేది సదస్సు ఖర్చు వరకే.

మూడోది: ఆ ఖర్చులో సగం వెళ్ళేటప్పుడు, మిగతా సగం పని పూర్తయ్యాక ఇవ్వాలి. పని అంటే వచ్చిన ఆరు వారాల లోపు కనీసం రెండు తరగతుల్లో కొత్త పాఠం చెప్పి చూడటం. ఇంకో టీచరు వెనక కూర్చుని గమనించాలి. పాఠం ముందు పిల్లలకు ఏం వచ్చు, తర్వాత ఏం వచ్చింది, రెండూ రాసిపెట్టాలి. ఫలించకపోతే ఫలించలేదని రాయాలి. అదీ విలువైన సమాచారమే. మిగతావారికి ఆ శ్రమ తప్పుతుంది.

నాలుగోది: నేర్చుకున్నది తెలుగులో ఒక్క పేజీ రాసి బడి ఫైల్లో పెట్టాలి. ఉద్యోగాలు మారి ఊళ్ళు మారే బతుకులు మనవి. టీచరు వెళ్ళిపోయినా ఆ పేజీ ఉండిపోవాలి.

ఇందులో ఇంకో లాభముంది. పబ్లిక్ స్కూల్లో పనిచేసే మన టీచర్లు విశ్వవిద్యాలయానికి పంపవలసిన పాఠ్య ప్రణాళికను, అక్కడివారు ఒప్పుకుంటే, మన తెలుగు తరగతిలోనే చేసి చూడవచ్చు. స్వామికార్యమూ స్వకార్యమూ రెండూ నెరవేరతాయి. తరగతిలో సాయం చేసే హైస్కూలు పిల్లలు కంప్యూటరు పనిలో మాకంటే చురుకు. పాఠం తయారీలో వారిని కలుపుకుంటే వారికి సేవా గంటలు వస్తాయి, మాకు పని తేలికవుతుంది, వారి తెలుగు కూడా మెరుగవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మాకు జీతం లేదు, అక్కర్లేదు. మా టీచర్లలో చాలామందికి ఈ క్రెడిట్లతో ఏ ప్రయోజనమూ లేదు. కానీ మీరు మీ పిల్లల్ని ఆదివారం పూట రెండు గంటలు మాకు అప్పగిస్తున్నారు. ఆట మానిపించి, నిద్ర మానిపించి తీసుకొస్తున్నారు. ఆ రెండు గంటలు వృథా అయితే పిల్లవాడు ఒక ఏడాది ఓపిక పడతాడు, రెండో ఏడాది బడి మానేస్తాడు. ఏడో తరగతి తర్వాత మన బెంచీలు ఎంత ఖాళీ అవుతున్నాయో మీకు తెలుసు. నేర్పేవారు నేర్చుకోవడం మానకుండా ఉంటే ఆ ఖాళీలు కొన్నయినా నిండుతాయని మా నమ్మకం. సమావేశానికి తప్పక రండి. పంపాలా వద్దా అనే ప్రశ్నతో పాటు, వచ్చాక ఏం చేశారని ఏటా మమ్మల్ని నిలదీసే హక్కు కూడా మీరే తీసుకోండి.